శొంఠి బిళ్ళలు

బెల్లం పాకం కుతకుతలాడుతోంది. మంజూష ఆవలింత ఆపుకుంటూ గరిటె తిప్పుతోంది. మూడున్నరకే లేచిన ఒళ్ళు, ఏడు గంటలైనా కాకముందే మళ్ళీ పక్క కోసం వెతుక్కుంటోంది.

హాల్లో పటం ముందు ఆమె భర్త దుర్గేష్ శరణాలు చెబుతున్నాడు. ఒక శరణం, రెండు దగ్గులు.

అయ్యప్ప మాల వేసుకుని అతనికి ముప్పై అయిదు రోజులైంది. తెల్లారకముందే చన్నీళ్ళ స్నానం, చాప మీద పడక, పగలు సనత్‌నగర్‌లో లేత్ మిషన్ మీద పని, సాయంత్రం పంజాగుట్ట పీఠంలో గొంతు చించుకుని భజన. మాల స్వామి మెడలోనే ఉంది గానీ, బరువంతా ఇల్లాలి నడుం మీద పడింది. రోజూ తలస్నానం చేయాలి, ఇల్లు కడగాలి, మడిగా వండాలి. అది అయ్యాక అమీర్‌పేట బట్టల షాపులో పొద్దుగూకేదాకా నిలబడాలి. మంజూష నిజంగానే అలిసిపోయింది.

మాల వేసిన వారానికే అతనికి జలుబు పట్టుకుంది. ఆ రోజే కిరాణా కొట్టు నుంచి శొంఠి, బెల్లం తనే తెచ్చి ఆమె చేతికిచ్చాడు. మందేస్తే వారం, వేయకపోతే ఏడు రోజులు అంటారు జలుబును. ఈ జలుబు ఆ లెక్క వినలేదు. బెల్లం రెండుసార్లు అయిపోయింది, మళ్ళీ తెచ్చారు.

సోమవారం ఇరుముడి కట్టుకుని బయల్దేరాలి. శబరిమల వెళ్ళొచ్చి మాల తీస్తే దీక్ష ముగిసినట్టే. కానీ దగ్గుతో కొండ ఎక్కనిచ్చేది లేదని గురుస్వామి మొగిలయ్య ముందే చెప్పాడు. చేతిలో ఉన్నవి మూడు రోజులు.

మంజూష నీళ్ళ పళ్ళెంలో పాకం చుక్క వేసింది. గట్టిపడ్డ చుక్కను తీసి పళ్ళానికేసి కొడితే టంగుమంది. గబగబా నెయ్యి రాసిన పళ్ళెంలో పోసి, కత్తితో గళ్ళు గీసింది. కుడి మణికట్టు కలుక్కుమంది. చెయ్యి విదిలించుకుంది.

"పోయినేడు బాత్రూంలో పడ్డ చెయ్యే కదూ?" గుమ్మం దగ్గర పక్క ఫ్లాట్ జానకీదేవి. "చలికి పాత దెబ్బలు లేస్తాయమ్మా. ఏంటి చేస్తున్నావు? బెల్లం వాసన మా ఇంటిదాకా కమ్మగా వస్తోంది."

"శొంఠి బిళ్ళలు ఆంటీ. స్వామికి దగ్గు తగ్గుతలేదు."

"ఏదీ, ఒకటి ఇటివ్వు. ఎలా కుదిరిందో చెబుతాను."

"అయ్యో, స్వామి కోసం చేసినయి ఆంటీ. ఆయన తినకముందు ఎవ్వలు ముట్టొద్దు. నేను సుత రుచి చూడ."

"నిజమే, నా మతి మండ!" జానకీదేవి చెంపలు వేసుకుంది. "పోనీ డాక్టర్‌కి చూపించరాదూ?"

హాల్లోంచి దుర్గేష్ అందుకున్నాడు. "డాక్టరెందుకు మాతా? మా మాత చేతి బిళ్ళలు ఉన్నయి గద."

మాలలో ఉన్నవాళ్ళకు ఆడవాళ్ళంతా మాతలే, కట్టుకున్న భార్యతో సహా. జానకీదేవి మురిసిపోయింది. "ఎంత మర్యాద! ఈ నాలుగు రోజులూ ఓపిక పట్టు మంజూషా. మాల తీస్తే నీకూ కాస్త విశ్రాంతి."

మంజూష తలూపింది.

దుర్గేష్ వచ్చి, బిళ్ళ నోట్లో వేసుకుని చప్పరించాడు. "ఘాటు తెలుస్తలేదు మాతా."

"ముక్కు దిబ్బడేసినోళ్ళకు ఘాటేం తెలుస్తది స్వామీ? ఇంకోటి చప్పరించుండ్రి."

బుద్ధిగా ఇంకోటి వేసుకున్నాడు. ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "మస్తు అలిసినవ్ మాతా. టిఫిన్ నేను సదురుకుంట. జర సేపు పండుకోరాదు?"

ఆ మాటకు మంజూషకు ఏడుపొచ్చినంత పనైంది. అటు తిరిగి, గిన్నెకు అంటిన పాకం గీకుతూ నిలబడింది.

ఆదివారం పీఠంలో మొగిలయ్య అతన్ని ముందుకు పిలిచి శరణాలు చెప్పమన్నాడు. మూడో శరణం దాటలేదు, దగ్గు తెర కమ్మేసింది.

"గీ దగ్గుతోని నీలిమల ఎట్ల ఎక్కుతవ్ స్వామీ?" అన్నాడు మొగిలయ్య. "జనవరిల మకరజ్యోతికి పోయే బ్యాచ్‌ల రా. అందాక మాల తియ్యకు. దీక్ష గిట్లనే నడవనీ."

మంజూషతో కలిసి మెట్రో స్టేషన్ దాకా నడుస్తూ దుర్గేష్ తల ఎత్తలేదు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా వల్ల నీకు ఇంకో నెల కష్టం మాతా."

"ఏం చేస్తం స్వామీ. ఆయన ఎప్పుడు పిలిస్తే అప్పుడే" అంది మంజూష.

లిఫ్ట్ దగ్గర సంగతి విని జానకీదేవి నొచ్చుకుంది. "అయ్యో రాత! ఇంకో నెల చాకిరీనా?"

"తప్పదు గద ఆంటీ."

సోమవారం మళ్ళీ మూడున్నరకే లేచింది. తలస్నానం, ముగ్గు, ప్రసాదం. నడుం విరిగిపోతోంది. హాల్లో శరణాలు, దగ్గు. మంజూష బెల్లం పొయ్యి మీద పెట్టింది.

పాకం ముదిరేలోగా అలమర తీసి, నెల కింద తెచ్చినా కట్టిన దారం ఇంకా విప్పని శొంఠి పొట్లాన్ని, పోయినేడు మాల తీసిన రోజున దుర్గేష్ తాగొచ్చి విరిచిన తన చేతి ఎక్స్‌రే కవర్లోకి ఇంకాస్త లోపలికి తోసింది.