బిచ్చయ్య తాడు

అయినా ఒక్క పూట పస్తుంటే పంది చస్తుందా, ఉపవాస ప్రార్థనలని మనుషులు రోజుల తరబడి ఉండటం లేదూ, పైగా సాయంత్రం యూనీస్ బకెట్టు నిండా పోస్తూనే ఉంది కదా, అనుకుంటూ జ్ఞానశేఖర్ పొద్దుటి కుడితిని మోరీలోకి వంచాడు. ఆబిడ్స్ టిఫిన్ హోటలు నుంచి తెచ్చిన ఇడ్లీ ముక్కలు, సాంబారు, నానిపోయిన ఉప్మా గోడ కింది నుంచి నాంపల్లి స్టేషను వైపు గుడగుడమంటూ వెళ్ళిపోయాయి. దొడ్డిలోంచి పంది చూస్తూనే ఉంది. వారం కిందటి దాకా అరిచేది. ఇప్పుడు అరవడం లేదు. అలవాటు పడిందని ఆయన తనకు తానే చెప్పుకున్నాడు.

"ఏం చెయ్యమంటవ్ చెప్పు," అన్నాడు దానితో, గొంతు తగ్గించి. "నిన్ను కోస్తే ఆమె పాట ఆగిపోతది."

యూనీస్ సాయంత్రాలు దొడ్డి కడుగుతూ కీర్తనలు పాడుతుంది. భార్య గొంతు ఆయనకు వినబడేది ఆ కాసేపే. పోయిన క్రిస్మస్‌కు పందిని కోశాక, కొత్త పిల్లను తెచ్చేదాకా అదీ లేదు. ఈసారి కోయించొద్దని ఆమెతో చెప్పవచ్చు. ఎందుకని అడుగుతుంది. నీ పాట కోసమని చెప్పాలి. అంత మాట వాళ్ళిద్దరి మధ్య ఎప్పుడూ నడవలేదు.

గేటు చప్పుడైంది. బిచ్చయ్య, భుజాన తాడు, చేతిలో కత్తుల సంచి. ఈ చుట్టుపక్కల క్రిస్మస్‌కు పందిని కోసేది అతనే. తూకం వెయ్యడు. పంది ఛాతీ చుట్టూ తాడు తిప్పితే రెండు కొసలూ కలవకూడదు. కలిశాయంటే ఇంకా ఎదగలేదని వదిలేసి పోతాడు. పోయిన నెల కొసలు కలిసి, ఇంకా బెత్తెడు తాడు మిగిలింది. ఆ రోజు జ్ఞానశేఖర్‌కు హాయిగా నిద్ర పట్టింది.

"ఏం సారు, గిప్పుడన్నా లావైందా? లేకుంటే దానితోని గూడ ఉపాస ప్రార్థన చేపిస్తున్రా?"

జ్ఞానశేఖర్ ఖాళీ బకెట్టును కాలితో వెనక్కి నెట్టాడు. చేతులు తుడుచుకుంటూ యూనీస్ బయటకు వచ్చింది.

"ఇంక కాలేదేమో బిచ్చయ్యా. వచ్చే ఏడు చూద్దాం తియ్."

"మీదేం పోయిందమ్మా. మరి పండుగ విందుకొచ్చే చర్చోళ్ళకు ఏం చెప్తరు?"

"కోడికూర తింటరు. ఏమైతది?"

"ఎందుకొద్దంటున్రో నాకెరుకే. సారు దానితోని ముచ్చట పెట్టుడు నేను గూడ ఇన్న. మీతోని గంత ముచ్చట పెడ్తడా?"

"పెట్టకుంటే ఏంది? దానితోనన్నా పెడ్తున్నడు గద," అంది యూనీస్, భర్త వైపు చూడకుండా.

బిచ్చయ్య దొడ్డిలోకి దిగాడు. తాడు తీయనే లేదు. అరచేత్తో పంది వెన్ను తడిమి ఆగిపోయాడు.

"సారు, జర గిటు రాండ్రి."

జ్ఞానశేఖర్ దగ్గరికి వెళ్ళాడు. రోజూ దాన్ని చూస్తూనే ఉన్నాననుకున్నాడు. చూసింది బకెట్టును. వెన్నుపూసలు ఒక్కొక్కటీ తేలి ఉన్నాయి. బిచ్చయ్య చెవులు పట్టి లేపబోతే ముందుకాళ్ళు మడతపడ్డాయి.

"లేస్తలేదు. గిది పొద్దుమీకి దాక గూడ బతకదు. గిప్పుడే కోస్తే జర బాధన్నా తప్పుతది."

"డాక్టరును పిలిస్తే..."

"ఆయన వచ్చేసరికి పాణం పోతది. చెప్పుండ్రి."

జ్ఞానశేఖర్ యూనీస్ వైపు చూశాడు. ఆమె ఆయన వైపు చూసింది. ఇద్దరూ తలలు దించుకున్నారు. సరే అన్నారనుకున్నాడు బిచ్చయ్య.

ప్రాణం పోవడానికి నిమిషం కూడా పట్టలేదు. అరుపు లేదు. స్టేషనులో ఏదో బండి ఆలస్యమని మైకులో ఒకదాని తర్వాత ఒకటి మూడు భాషల్లో చెబుతున్నారు.

కొంతసేపటికి బిచ్చయ్య కార్జాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "బీమారి కాదు. సాఫ్ ఉంది." తర్వాత పొట్ట చీరి పళ్ళెంలో బోర్లించాడు. కాసిని నీళ్ళు, ఇంత మట్టి, ఒక ప్లాస్టిక్ కవరు ముక్క.

"ఒక్క మెతుకు లేదు సారు. గియ్యాల్టిది లేదు. నిన్న పొద్దుమీకిది గూడ లేదు. పేగులు దారాల లెక్క ఎండినయి."

సాయంత్రంది లేకపోవడమేమిటి? జ్ఞానశేఖర్ ఆలోచన అక్కడే ఆగిపోయింది. ఎలుకలు తిన్నాయేమో. తిన్నది కక్కేసుకుందేమో. ఏదో ఒకటి జరిగే ఉంటుంది, అయితే తన తప్పు సగమే, అని ఒక్క క్షణం ఊరట కలిగింది. ఆ ఊరటను చూసి తన మీద తనకే రోత పుట్టింది. ఎలుకలు ఎన్ని తింటే ఏమిటి? దాని కళ్ళ ముందు, రోజూ, కూడు పారబోసింది తను.

బిచ్చయ్య కత్తి కడుగుతూ తలెత్తాడు. ఎగతాళి చేస్తున్నాడో, తిడుతున్నాడో తెలియని గొంతు.

"నలభై ఏండ్ల సంది కోస్తున్న. కత్తితోని సంపుడు నాకెరుక. ఆకలితోని సంపుడు గిప్పుడే సూస్తున్న. మీ చర్చిల, పాపం చేసినోళ్ళు చెయ్యెత్తున్రి అంటరు గద. నేను గూడ అడుగుతున్న. గీ నోరులేని దాని కడుపు ఎండబెట్టింది ఎవలు?"

మోరీలో నీళ్ళు పారుతున్న చప్పుడు. జ్ఞానశేఖర్ చెయ్యి మెల్లగా కదిలింది. భుజం దాకా లేవడానికే ఎంతో సేపు పట్టింది. పూర్తిగా ఎత్తాక, ఇక యూనీస్ ముఖంలోకి చూడక తప్పదని పక్కకు తిరిగాడు.

యూనీస్ చెయ్యి అప్పటికే పైకి లేచి ఉంది.