పదో సంతకం

"పదో సంతకం నువ్వే పెట్టాలే, ఎస్తేరూ! నామినేషనుకి ఈరోజే ఆఖరు," అంది కుమారి. పెళ్లై పదిహేను రోజులే. మొగుడి కోసం కళింగపట్నం ఇసుకలో పొద్దున్నే పరిగెత్తుకొచ్చింది.

ఎస్తేరు తాబేలు గుడ్లకి కంచె కట్టి కాపలా కాసే మనిషి. "మీ ఆయన గెలిస్తే ఏటి సేస్తాడే?"

"ఏటీ సెయ్యడు! అదే ఆయన సిద్ధాంతం. పర్మిషన్లుండవు, రూల్సుండవు. ఎవలిష్టం ఆలది."

"మరి నా తాబేళ్లకి ఎవలే దిక్కు?"

ఇంతలో కుమారి మొగుడు పృథ్వీరాజ్ వచ్చాడు. చేతిలో గొడుగు, ఎన్నికల గుర్తుగా తను కోరుకున్నది. ఆ నడక చూసినా కుమారికి మురిపెమే.

ఎస్తేరు బుట్ట వంచింది. తాబేలు పిల్లలు సముద్రం వైపు బుడిబుడి నడకలు మొదలెట్టాయి.

"సూసినారా ఎస్తేరు గారూ! ఈటికి ఎవడైనా ఆర్డరిచ్చినాడా? స్వేచ్ఛంటే ఇదీ!" అన్నాడు పృథ్వీరాజ్.

అంతలో కాకులు వాలాయి. వెనకే ఒక కుక్క.

పృథ్వీరాజ్ గొడుగు విప్పి పిల్లల మీద పట్టాడు. "పోండెహె! ఇటు ఎవులూ రాకూడదు! కుక్కా, నీకే సెప్తన్నాను! కుమారీ, అటేపు అడ్డంగా నిలబడు, పీతని కూడా రానీకు!"

కుమారి చేతులు చాచి నిలబడింది. ఎస్తేరు నవ్వుతూ ఆమె చేతిలోని నామినేషన్ కాగితం లాక్కుని సంతకం పెట్టేసింది.

"అదేటే! ఆయన సిద్ధాంతం ఆయనే తప్పీసినాడు కదే?"

"అందుకే పెట్టినాను."

"ఆయనకి మాత్రం సెప్పకే," గుసగుసలాడింది కుమారి.

మోకాటిలోతు నీళ్లలో నిలబడి, పృథ్వీరాజ్ ఇంకా కెరటాలని కసురుతున్నాడు.