గిరాకీ ఉన్న పని

సీసాల ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ వీధిలో మగాళ్ళందరికీ ఒకటే పని మిగిలింది. మెట్ల మీద కూర్చుని ఫ్యాక్టరీని తిట్టడం.

ఫోర్‌మన్ మాత్రం పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయల్దేరేవాడు. ఫ్యాక్టరీ పోయినా ఆ పిలుపు పోలేదు. కోపమొస్తే భార్య కూడా అలాగే పిలిచేది.

"ఎక్కడికండీ ఫోర్‌మన్ గారూ?" అని మెట్ల మీద నుంచి ఎవరో ఒకరు అడిగేవారు.

"ట్రైనింగ్ సెంటర్‌కి!" అని భార్యే చెప్పేది, కిటికీలోంచి, వీధి చివరిదాకా వినపడేలా.

చెప్పదూ మరి! ఊరు మొత్తం మీద ఇప్పుడు గిరాకీ ఉన్న పని అదొక్కటే. మంచం పట్టిన ముసలివాళ్ళని చూసుకునే పని. సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజే ఉద్యోగమని సెంటర్ గోడ మీద ఇంతెత్తు అక్షరాలతో రాశారు. జీతం ఫోర్‌మన్‌గా తను తెచ్చుకున్న దానికన్నా ఎక్కువే.

మొదటి రోజు కౌంటర్ దగ్గర అమ్మాయి అతని వయసు అడిగి పెదవి విరిచింది. చదువు అడిగి మళ్ళీ విరిచింది. అతను మొహం వేలాడేసుకుని మెట్లు దిగుతుంటే లోపల్నుంచి సెంటర్ నడిపే మేడమ్ వచ్చింది. ఎగాదిగా చూసింది. దేనికో బరువెంతని అడిగింది. "సరే, రేపట్నుంచి రండి" అంది.

ఆ మాటా, రోజుకింతని ఇస్తారన్న సంగతీ ఇంట్లో చెబితే భార్య ఏడ్చినంత పని చేసింది. "నేర్పిస్తూ ఎదురు డబ్బులిస్తారా? ఎంత ధర్మాత్ములండీ!" అంది. అతను నవ్వి ఊరుకున్నాడు.

సాయంత్రానికి మెడ పట్టేసి ఇంటికొచ్చేవాడు. చేతి మీద బీపీ పట్టీ అచ్చులు ఎర్రగా కనిపించేవి.

"ఒకరి మీద ఒకరు నేర్చుకుంటారు కాబోలు" అనేది భార్య, మెడకి మందు రాస్తూ. "మనుషుల్ని ఎత్తి దించడమంటే మాటలా!"

"ఊ" అనేవాడు.

ఇంతలో పై వాటాలో ముసలావిడ బాత్రూమ్‌లో జారిపడింది. నలుగురూ చేరి చంకల్లో చేతులు పెట్టి లాగబోయారు.

"ఆగండి! అలా లాగితే ప్రాణం పోయినట్టుంటుంది" అని ఫోర్‌మన్ అడ్డం వెళ్ళాడు. "అమ్మా, మిమ్మల్ని ముట్టుకుంటున్నానండీ. మెడ కింద చెయ్యి పెడుతున్నా. ఇప్పుడు లేపుతున్నా." పూలు ఎత్తినట్టు ఎత్తి మంచం మీద కూర్చోబెట్టాడు.

"ముందు చెప్పడమెందుకు నాన్నా?" అని కూతురు అడిగింది.

"చెప్పకుండా చెయ్యేస్తే నొప్పి కాదమ్మా, సిగ్గేస్తుంది."

ఆ పిల్ల బట్టల షాపులో రోజంతా నిలబడి పనిచేసేది. ఫ్యాక్టరీ పోయినప్పట్నుంచి తండ్రితో సరిగ్గా మాట్లాడిందే లేదు. ఆ రోజు మాత్రం, "నీకింత తెలుసా నాన్నా!" అని నోరు తెరుచుకుని చూసింది. ఆ చూపుకి ఫోర్‌మన్ కడుపు నిండిపోయింది. ఇక ఏది పోయినా ఫరవాలేదు, ఆ చూపు మాత్రం పోకూడదనుకున్నాడు.

తర్వాతి వారమే ఆ పిల్ల బాంబు పేల్చింది.

"షాపు మానేశాను నాన్నా. మీ సెంటర్లో చేరాను. ఇప్పుడు చేరేవాళ్ళకి ఎదురివ్వరట, ఫీజు కట్టాలట. మొదటి వాయిదా కట్టేశా. మిగతా ఫీజు నీకొచ్చే డబ్బుల్లోంచి కడదామంది అమ్మ."

"వద్దు తల్లీ! నీకెందుకా కంపు పని?"

"నువ్వు చేస్తే గొప్ప, నేను చేస్తే కంపా?"

"కూతురు ఎక్కడ మించిపోతుందోనని కుళ్ళు ఫోర్‌మన్ గారికి!" అని భార్య నవ్వింది.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

"నాదీ నీ క్లాసేనా నాన్నా?"

"ఆడపిల్లల బ్యాచ్ వేరు" అన్నాడు. అది నిజమే.

మర్నాడు మేడమ్ దగ్గరికెళ్ళి చేతులు నలుపుకుంటూ, కొత్త బ్యాచ్ వచ్చిన రోజు సెలవు కావాలన్నాడు.

"మొదటి క్లాసు రోజే సెలవా? మానేస్తే పూర్తిగా మానేయండి. మీలాంటివాళ్ళు గేటు బయట కావలసినంతమంది."

మానేస్తే పిల్ల ఫీజు ఎవరి తాత కడతాడు?

ఆ రోజు రానే వచ్చింది. తండ్రీ కూతుళ్ళు కలిసి బయల్దేరితే భార్య కిటికీలోంచి వీధికంతా చెప్పింది. దారి పొడుగునా పిల్ల వాగుతూనే ఉంది.

సెంటర్ గేటు దగ్గర ఆగింది. "భయంగా ఉంది నాన్నా. ఒక్క మంచి మాట చెప్పవా?"

"ముందు చెప్పకుండా ఎవర్నీ ముట్టుకోకు తల్లీ" అని, తల తిప్పుకుని పక్క వరండాలోకి వెళ్ళిపోయాడు.

క్లాసు గదిలో కొత్త తెల్లకోట్లన్నీ మంచం చుట్టూ చేరాయి. మంచం మీద ఒక మనిషి తల మీదుగా దుప్పటి కప్పుకుని ఉన్నాడు.

"ముందు వరసలో అమ్మాయ్, నువ్వు రా" అంది మేడమ్. "వణుకెందుకే? నిజం పేషెంటేమీ కాదు, మీరు నేర్చుకోడానికి కూలికి పెట్టుకున్న మనిషి. ముసుగు తీసి, లేపి కూర్చోబెట్టు."

"అయ్యా, మిమ్మల్ని ముట్టుకుంటున్నానండీ" అని ఆ పిల్ల తండ్రి చెప్పినట్టే ముందుగా చెప్పి దుప్పటి అంచు పట్టుకుంటే, లోపల ఫోర్‌మన్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.