గుమ్మం తీసిన నూకాలు

ఎర్రచీమల దండు నల్లచీమల పుట్టను చుట్టుముట్టింది. దళపతి గండుచీమ గుమ్మానికి మట్టి అడ్డం పెట్టించి, ఎవరూ బయటికి కదలొద్దన్నాడు.

చచ్చినవాళ్లను ఆ పూటే దూరంగా దిబ్బ మీదికి మోసుకెళ్లడం చీమల ఆనవాయితీ. ఇప్పుడు దారి లేక, పోరులో పోయినవాళ్లను గింజల కొట్లోనే ఓ మూల గౌరవంగా పేర్చారు. శవాల చెమ్మకి గింజలు బూజు పట్టాయి. అవి తిన్న సిపాయిలు కడుపు పట్టుకుని కూలబడ్డారు.

కొట్టు చూసుకునే నూకాలు ఓ గింజను మీసాలతో తడిమి, తిన్నగా గుమ్మం దగ్గర కాపలా ఉన్న గండుచీమ దగ్గరికొచ్చింది.

"తలుపు తియ్యి నాయనా. శవాలూ బూజు గింజలూ బయటికి పోవాలి."

"వాళ్లు వీరులత్తా! చెత్తతో పాటు పారేస్తావా? పైగా బయట శత్రువు కాచుకున్నాడు."

"వీరులే, ఎవరు కాదన్నారు? నా చెల్లెలూ అందులోనే ఉంది. ఈ సిపాయి పిల్లల్ని కాపాడబోయి చచ్చింది. దాని శవంతోనే వీళ్లని చంపమంటావా?"

నూకాలే మట్టి తవ్వి, చెల్లెల్ని నోట కరుచుకుని ఎండలోకి నడిచింది. వెనక ఒక్కొక్కరే కదిలారు.

దిబ్బ దగ్గర ఎర్రచీమల బారు ఎదురైంది. నూకాలు ఆగలేదు. దగ్గరికెళ్లి చూస్తే వాళ్ల నోళ్లలోనూ వాళ్ల శవాలే ఉన్నాయి. నోరు ఖాళీ లేక ఎవరూ ఎవర్నీ కరవలేదు.

చెల్లెల్ని దించి నూకాలు గింజల కోసం వెనక్కి తిరిగింది. దారిలో, నోట బూజు గింజతో గండుచీమే ఎదురొచ్చాడు.