బోర్డు మీద రెండో పేరు

లారీ యూనియన్ ఆఫీసులో గోడ మీది వరస బోర్డును విచారణకొచ్చిన అధికారి దగ్గరుండి తుడిపించాడు.

“వరస ప్రకారమే లోడు, అందరిదీ ఒకే రేటు, బయటి బండికి చోటు లేదు. మీరంతా కలిసి ఇలా కట్టడి చేస్తే చివరికి సరుకు కొనేవాడు నలుగుతాడు. చట్టం ఒప్పుకోదు. రేపటి నుంచి వ్యాపారి తనకు నచ్చిన బండిని పిలుచుకుంటాడు. దీని మీద మాకు అర్జీ వచ్చింది. ఎవరు పెట్టారో మాత్రం అడగకండి, చెప్పం.”

సీమోను తన కొత్త లారీ తాళంచెవిని గుప్పిట్లో బిగించాడు. పదకొండు రోజులుగా ఆ బండికి వరస రాలేదు.

“రెండో పేరున్న మనిషి పోయి మూడేళ్లయిందట. ఇదేం పద్ధతి?” అన్నాడు అధికారి.

అదే ఇక్కడి పద్ధతి. బండి యజమాని పోయినా బోర్డు మీద పేరు చెరపరు. వరస వచ్చిన రోజు అతని భార్యకు కబురు పంపుతారు. జీతానికి పెట్టుకున్న డ్రైవరు బండి తీస్తాడు.

అధికారి జీపెక్కి వెళ్లాక, గుమ్మం దగ్గర నిలబడ్డ అన్నమ్మ లోపలికొచ్చింది. తడి బోర్డు మీద, అప్పటిదాకా తన పెనిమిటి పేరున్న చోటు చూసింది.

“నరసన్నపేట మిల్లులన్నీ తిరిగి లోడడగడం నా వల్ల అవుతాదా తమ్ముడా?” అంది సీమోనుతో. “ఏ మారాజు రాసినాడో ఆ అర్జీ. నాలాటోల్ల వరసైనా ఉంచమని మనమూ ఒకటి పెడదాం. నువ్వయితే బాగా రాస్తావు.”

సీమోను ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. మొదటి అర్జీ కూడా అతను బాగానే రాశాడు.