నలభయ్యో జాడీ

ఏమయ్యా, మందు సీసా కనబడితే చాలు, మూత తీసి గటగటా తాగేస్తావు కదా! మా ఫ్లోరెన్సు వాళ్లు నీ అంత అమాయకులు కారు. మూడొందల ఏళ్ల కిందట మఠం మందుల కొట్టులో జరిగింది విను. ఆ తర్వాత తాగుదువు గాని.

కొట్టు నడిపేది ఫ్రా జనోబి. సన్యాసి, పాదిరి. మందులకీ అత్తరులకీ పెట్టింది పేరు. ఆ యేడు మాత్రం కొట్టు బోసిపోయింది. ఒక ఉన్ని వ్యాపారి అత్తగారు అక్కడి కషాయం తాగిన మర్నాడే పోయింది. ఆవిడకి తొంభై రెండేళ్లని ఎవరూ అనలేదు, కషాయం అన్నారు.

"మీ పెద్దలు ముందు ఒక చెంచా తాము తాగి, ఆ తర్వాతే అమ్మేవాళ్లట. నువ్వు తాగని మందు మాకెందుకు ఫాదర్?" అని బెత్తో అనే కసాయివాడు దెప్పాడు.

తన చేతి మీద నమ్మకం లేనివాడు గడప తొక్కక్కర్లేదన్నాడు జనోబి.

ఒక ఉదయం ఆయన చర్చిలో, పాపాలు ఒప్పుకునేవాళ్ల మాట వినే పెట్టెలో కూర్చున్నాడు. జాలీకి అవతల ఎవరో మోకరిల్లారు. నెత్తిన ముసుగు. బొంగురు గొంతు.

"మీ కొట్టులో నలభై జాడీలున్నాయి. ఒకదాంట్లో విషం కలిపాను."

"ఏ జాడీలో?"

"పాపం ఒప్పుకోడానికి వచ్చాను ఫాదర్, సాయం చెయ్యడానికి కాదు."

లేచి వెళ్లిపోయాడు.

జనోబికి చెమటలు పట్టాయి. ఆ పెట్టెలో విన్నది ప్రాణం పోయినా బయటపెట్టకూడదు. మాటతోనే కాదు, సైగతో కూడా. జాడీలు పారబోస్తే ఎందుకని అడుగుతారు. పిల్లికి పోసి చూసినా అడుగుతారు. తనొక్కడే కూర్చుని అన్నీ తాగి చస్తే, చంపింది ఏ జాడీయో ఎవరికీ తెలియదు. ఊరుకుంటే ఎవరో ఒకరి ప్రాణం పోతుంది.

ఎవరూ ఎందుకని అడగనిది ఒక్కటే ఉంది. పాత ఆచారం.

ఆ రోజు నుంచి ఏ మందు అడిగినా ముందు తనే ఒక చెంచా మింగేవాడు. ఒక జపమాల పూర్తయ్యేదాకా ఆగేవాడు. బతికుంటే అమ్మేవాడు.

ఊరు మురిసిపోయింది. జనం వరస కట్టారు. జనోబి మాత్రం ఎండిపోయాడు. విరేచనాల మందు, నులిపురుగుల మందు, ఆఖరికి అత్తరు కూడా నాలుక మీద వేసుకున్నాడు. ప్రతి చెంచా ఆఖరిదే అనుకుని మింగాడు. మఠం పెద్ద ఫ్రా తద్దేయో చూసి, చిక్కిపోయావేం నాయనా అని అడిగాడు. జనోబి తర్వాతి జాడీ దించాడు.

ముప్పై తొమ్మిది జాడీలు అయ్యాయి. ఇక మిగిలింది చేదు బాదం గింజల నుంచి బట్టీలో దించిన అరుకు. ఎవరూ అడగని మందు. చావు అందులోనే ఉంది, అనుమానం లేదు.

చాకలి దియనోరా వైద్యుడి చీటీ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. కూతురికి ఊపిరాడటం లేదు. జనోబి చీటీ చదివాడు. చేదు బాదం అరుకు.

"రేపు రామ్మా."

"రేపటికి పిల్ల ఉండదు ఫాదర్. అదిగో, పైన జాడీ నిండుగానే ఉందిగా. పేదదాన్నని ఇవ్వబుద్ధి కావడం లేదా?"

జనోబి పై అరకి చెయ్యి చాచాడు. జాడీ దించాడు. మూత తీశాడు. సిలువ గుర్తు వేసుకుని చెంచాడు మింగాడు.

గొంతు మండింది. వేళ్లు చల్లబడ్డాయి. దియనోరా ఆయన ముఖంలోకే చూస్తోంది. జపమాల పూసలు ఒక్కొక్కటే జారాయి. చివరి పూస వచ్చింది.

బతికే ఉన్నాడు.

ఆమె సీసా పట్టుకుని పరిగెత్తింది. జనోబి కాళ్లీడ్చుకుంటూ చర్చికి వెళ్లి ఆ పెట్టెలో కూలబడ్డాడు. జాలీకి అవతల ఎవరో మోకరిల్లారు.

"పోయినసారి ఇక్కడ నేను చెప్పింది అబద్ధం నాయనా, ఏ జాడీలోనూ ఏమీ కలపలేదు, నువ్వు పాత ఆచారం పడితే కొట్టు నిండుతుందనే అన్నాను, మన్నించు, ఇది కూడా నువ్వు ఎవరికీ చెప్పకూడదు సుమా," అన్నాడు, ఈసారి గొంతు మార్చకుండా, మఠం పెద్ద తద్దేయో.