ఎర్ర పట్టీ

ధృతి ఓణీల వేడుకకి మేనమామ తేజ బట్టల పళ్ళెం తెచ్చాడు. పిల్ల మణికట్టు మీద ఎర్ర పట్టీ కనబడగానే అతని భార్య పళ్ళేన్ని పట్టుకుని ఆపింది. తల్లి నుంచో తండ్రి నుంచో వంశంలోని కేన్సర్ జన్యువు దిగిన ఆడపిల్లలకి బళ్ళో పరీక్ష చేసి కట్టే పట్టీ అది.

"మావాడికి చేసుకుందామనుకున్నాం హారికా. మీ రక్తం ఇలాంటిదని తెలీదు," అంది.

ధృతి తల్లి హారిక అన్న వైపు తిరిగింది. "మన అమ్మ పోయింది దీంతోనే కదా అన్నయ్యా. నాకొచ్చింది, నా కూతురికొచ్చింది. నువ్వు పరీక్ష చేయించుకున్నావా?"

తేజ పళ్ళెంలో బట్టలు సర్దసాగాడు.

"మగాళ్ళకెందుకమ్మా అవన్నీ?" అని వదిన నవ్వేసింది.

ఆవిడ చిన్నకూతురు, ఇంకా బడికెళ్ళని పిల్ల, ధృతి పట్టీని ముచ్చటగా తిప్పి చూస్తోంది. "అత్తా, నాకూ ఇది కడతారా?"

"మీ నాన్ననడుగు తల్లీ," అంది హారిక.